దసరాకి ముందే నిలబెట్టాలి: విశాఖ ట్రావెల్స్ సైటు ప్రాజెక్టు డైరీ

జూన్ చివరి వారం

మా బావకి విశాఖలో చిన్న ట్రావెల్స్ ఉంది. సొంతానివి రెండు ఎర్టిగాలు, ఒక ఇన్నోవా, ఒక టెంపో ట్రావెలర్. సీజన్‌లో బయటి బండ్లు కూడా పెడతాడు. అరకు, బొర్రా, లంబసింగి, వంజంగి, సిటీ టూర్, ఇవే ట్రిప్పులు. ఇన్నాళ్ళూ గిరాకీ అంతా హోటల్ రిసెప్షన్ల నుంచి, స్టేషన్ బయట ఉండే ఏజెంట్ల నుంచి వచ్చింది. వాళ్ళ కమిషన్ పోగా డ్రైవర్ బత్తా, డీజిల్ తీసేస్తే చేతికి వచ్చేది ఏడాదికేడాది తగ్గుతోంది. కస్టమర్ నేరుగా ఆఫీసుకి ఫోన్ చేసేలా ఒక సైటు కావాలన్నాడు. పని నాకు అప్పగించారు.

గడువు కూడా సీజనే పెట్టింది. దసరా సెలవులకి బెంగాల్ కుటుంబాలు గుంపులు గుంపులుగా విశాఖ దిగుతాయి, అరకు వెళ్ళకుండా తిరిగెళ్ళవు. ఆ తర్వాత సంక్రాంతి దాకా మన హైదరాబాద్ వాళ్ళు, బెంగళూరు వాళ్ళు. కొత్త సైటుని గూగుల్ పట్టించుకోవడానికి వారాలు పడుతుంది కాబట్టి ఆగస్టు మొదటికల్లా ముఖ్యమైన పేజీలు బయటికి రావాలి.

పాత సైటు ఒకటి ఉంది. తెరవగానే పెద్ద పెద్ద బొమ్మలు పక్కకి జరుగుతూ ఉంటాయి. అందులో ఒకటి దాల్ సరస్సు, ఇంకొకటి ఎక్కడిదో మంచు కొండ. వీళ్ళు ఎన్నడూ కాశ్మీర్ ట్రిప్పు వెయ్యలేదు. కింద ‘వెయ్యికి పైగా సంతృప్త కస్టమర్లు’ అని అంకె గిర్రున తిరుగుతుంది. ఫోన్ నంబరు అట్టడుగున ఉంది, అదీ బొమ్మలో భాగంగా, నొక్కినా కాల్ వెళ్ళదు. దీనికి మరమ్మతు చెయ్యను, కొత్తగా కడతానని చెప్పేశాను.

జూలై మొదట్లో: ఫోన్ల దగ్గర

డిజైన్ జోలికి వెళ్ళకముందు ఆఫీసులో కూర్చుని ఫోన్లు వినాలనుకున్నాను. ఫోన్లు ఎత్తేది మా అక్క. పొడుగు పుస్తకంలో తారీఖు, పేరు, నంబరు, బండి రాసుకుంటుంది. దానికి ఇంకో గడి కలపమన్నాను: ‘మొదట ఏం అడిగారు?’

మొదటి ప్రశ్న దాదాపు అందరిదీ ఒకటే. “అరకు ఎంతండి?” ఆ తర్వాత వచ్చే ప్రశ్నల్లోనే సైటు మొత్తం ఉంది. ఒక్క రోజులో అయిపోద్దా అండి? రాత్రి ఎన్నింటికి దింపుతారు? తొమ్మిదికి మాకు ట్రైన్ ఉంది, అందుతుందా? మా అత్తగారికి మోకాళ్ళ నొప్పి, బొర్రాలో దిగగలరా? పిల్లాడికి ఘాట్ రోడ్డులో వాంతులు అవుతాయి, మధ్యలో ఆపుతారా? ఆడవాళ్ళు ఫోన్ చేస్తే బాత్రూంకి ఎక్కడ ఆపుతారని కచ్చితంగా అడుగుతారు, మగవాళ్ళు ఎవరూ అడగలేదు. కొందరు మొహమాటపడుతూ, “మీ ఆఫీసు ఎక్కడండి, వచ్చి చూడొచ్చా?” అంటారు. డబ్బు పంపితే మనిషి దొరుకుతాడా అన్నది ఆ ప్రశ్న వెనకున్న భయం. అది న్యాయమైన భయం.

‘ప్రకృతి అందాల ఒడిలో’ లాంటి మాటలు ఒక్క ఫోన్‌లోనూ వినపడలేదు. అరకు అందంగా ఉంటుందని వాళ్ళకి ముందే తెలుసు. తెలియనివి టైమూ, డబ్బూ, మెట్లూ. పుస్తకంలో ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నే ముందు పేజీ, దాని తర్వాతది రెండో పేజీ. మెనూ ఇలాగే వేశాను. ‘మా గురించి’ అన్న పేజీలో కథ లేదు. ఆఫీసు ముందుభాగం ఫోటో, బోర్డు, దారి, ఫోన్ ఎత్తే మనిషి పేరు, అంతే.

రేట్ల గొడవ

బావ రేట్లు పెట్టడానికి ఒప్పుకోలేదు. “రేటు పెడితే పక్కోడు చూసి అయిదొందలు తగ్గించి కొడతాడ్రా. ఫోన్ చేస్తేనే కదా మాట్లాడి ఒప్పించేది.”

నేనేదో చెప్పబోతుంటే అక్క అందుకుంది. “రేటు తెలీక ఫోన్ చేసినోళ్ళల్లో సగంమంది వినేసి పెట్టేస్తారు. వాళ్ళతో మాట్లాడేది నువ్వా, నేనా? తెలిసి చేసినోడితో మాట్లాడ్డం నాకు తేలిక.” బావ కాసేపు ఊరుకుని, “సరే, కానీ అన్నీ విప్పి రాయండి, తర్వాత గొడవలొద్దు” అన్నాడు. ఆ మాటతోనే రేట్ల పేజీకి రూపం వచ్చింది.

ప్రతి ట్రిప్పుకీ బండి వారీగా ఒక రేటు. దాని కిందే రెండు భాగాలు. కలిపినవి: బండి, డీజిల్, డ్రైవర్ బత్తా, టోల్, పార్కింగ్. కలపనివి: ప్రవేశ టిక్కెట్లు, భోజనం, రైలు టిక్కెట్టు. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు, దాటితే గంటకి ఎంత అన్నది చిన్న అక్షరాల్లో కాకుండా అదే సైజులో. చివర ‘ఈ రేట్లు ఫలానా తేదీన సరిచూశాం’ అని ఒక వాక్యం. ట్రావెల్స్ సైట్లలో నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ‘మొదలు ఇంత నుంచి’ అనే మాట. ఆ రేటుకి బండి ఎప్పుడూ దొరకదు. అది మా సైటులో ఉండదు.

రేట్లు మార్చాల్సిన ప్రతిసారీ నన్ను పిలవకుండా, అవన్నీ ఒక గూగుల్ షీట్‌లో పెట్టాను. అక్క షీట్‌లో అంకె మారిస్తే సైటు దానంతటదే మళ్ళీ తయారై ఎక్కుతుంది. మిగతాదంతా స్టాటిక్ పేజీలు, అంటే ముందే తయారై ఉండేవి. వెనక డేటాబేస్ లేదు, నెలకోసారి అప్‌డేట్ చెయ్యాల్సిన ప్లగిన్లు లేవు. నేను రెండు నెలలు కనపడకపోయినా అది పనిచెయ్యాలి.

జూలై మధ్యలో: ఫోటోలు

ఇన్నోవా డ్రైవర్ గారితో కలిసి కొండ మీదకి వెళ్ళాను. విశాఖ నుంచి అరకు రోడ్డు మీద 115 కిలోమీటర్లు చిల్లర. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట దాటి బొడ్డవర నుంచి ఘాట్ మొదలవుతుంది. తైడా, డముకు, అనంతగిరి, పక్కకి తిరిగితే బొర్రా. దారి పొడుగునా ఆయన చెప్పినవి రాసుకున్నాను: వాంతులయ్యే వాళ్ళుంటే టిఫిన్ ఎక్కడ చేయించాలి, శుభ్రమైన బాత్రూం ఏ హోటల్లో ఉంది, వాన పడితే ఏ మలుపు దగ్గర బండి నెమ్మది చెయ్యాలి. ఒకరోజు ట్రిప్పు పేజీ అంతా ఆయన మాటల్లోంచే వచ్చింది.

తీసిన ఫోటోల్లో కొండలు తక్కువ. ఇన్నోవా డిక్కీలో మూడో వరుస సీటు వేసుంటే ఎన్ని సూట్‌కేసులు పడతాయో తెలిసేలా సామాను పెట్టి తీశాను. ఏడుగురు ఎక్కితే సామాను ఎక్కడ పెట్టాలన్నది అక్క రోజూ ఫోన్‌లో వివరించే విషయం. ఇప్పుడు ఆ ఫోటో వివరిస్తుంది. పసుపు నంబరు ప్లేటు కనిపించేలా బండి ముందు నుంచి ఒకటి. బొర్రా లోపల మెట్లు పై నుంచి ఒకటి, కింద నుంచి ఒకటి, పట్టుకునే రెయిలింగ్ స్పష్టంగా కనిపించేలా. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు ఆ రెండూ చూసి వాళ్ళే తేల్చుకుంటారు.

ఇక్కడి గిరిజనుల ధింసా నృత్యం ఆడేవాళ్ళ ఫోటో మొదటి పేజీలో పెడదామని బావ అన్నాడు. నేను వద్దన్నాను. ఈ ప్రాంతం మీద వచ్చే ప్రతి ప్రకటనలోనూ గిరిజన స్త్రీల ముఖాలు అలంకారంలా వాడేశారు, వాళ్ళని అడిగిన వాళ్ళు ఎంతమందో. అడిగి, ఒప్పుకుని, డబ్బు ముట్టాకే వాళ్ళ ఫోటో పెడదాం, అప్పటిదాకా వద్దు అన్నాను. ఒప్పుకున్నాడు.

పాత సైటులోని చిరునామాలు కూడా సరిచేశాను. అరకు, అనంతగిరి, బొర్రా, పాడేరు అన్నీ అందులో ఇంకా విశాఖ జిల్లాలోనే ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4 నుంచి అవి పాడేరు కేంద్రంగా ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లా. కస్టమర్‌కి దీంతో పెద్ద పట్టింపు ఉండకపోవచ్చు, కానీ ఆ ఊళ్ళ మీద బతుకుతూ జిల్లా పేరు తప్పు రాయడం బాగుండదు.

జూలై చివర: అక్షరాలు, బరువు

తెలుగు పేజీలకి నోటో సాన్స్ తెలుగు ఫాంటు, శీర్షికలకి రామభద్ర ఫాంటు. ఇంగ్లీషు కోసం వేసిన బటన్ల ఎత్తు తెలుగుకి చాలలేదు. ‘విశాఖపట్నం నుంచి’ అన్న బటన్‌లో ట కింద నవత్తు సగానికి తెగి కనిపించింది. ఎత్తు కొలత తీసేసి పైనా కిందా ఖాళీ మాత్రమే ఇచ్చాను, వరుసల మధ్య దూరం 1.7కి పెంచాను. తెలుగులో సైటు చేసేవాళ్ళు ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి మాటలు పెట్టి ఒకసారి చూసుకుంటే చాలు, లేఅవుట్ ఎక్కడ ఇరుకైందో బయటపడుతుంది. ఫాంటు ఫైలులో తెలుగు అక్షరాల భాగం మాత్రమే దిగేలా చేశాను. అది వచ్చేలోపు ఫోన్‌లో ఉన్న ఫాంటుతో చదవచ్చు, తెల్ల తెర చూస్తూ కూర్చోనక్కర్లేదు.

ఫోన్‌లో తీసిన ఫోటో ఒక్కోటి 5 ఎంబీ దాకా ఉంది. వెబ్‌పీ అనే తేలికైన ఫార్మాట్‌లోకి మార్చి, సైజు తగ్గించి 150 కేబీ లోపుకి తెచ్చాను. ప్రతి బొమ్మకీ వెడల్పు, ఎత్తు ముందే రాశాను. లేకపోతే బొమ్మ దిగగానే కింది అక్షరాలు జారిపోతాయి, ‘కాల్’ నొక్కబోయిన వేలు ఇంకెక్కడో పడుతుంది. గూగుల్ పెట్టిన కొలతలు మూడు: పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలో కనిపించాలి, నొక్కితే 200 మిల్లీసెకన్లలో స్పందించాలి, పేజీ జారడాన్ని కొలిచే స్కోరు 0.1 దాటకూడదు. మా పరీక్ష మాత్రం డ్రైవర్ గారి పాత ఫోన్. ఎస్.కోట దాటాక సిగ్నల్ ఒక గీతకి పడిపోయే చోట ఆయన రేట్ల పేజీ తెరిచారు. తెరుచుకుంది.

ఘాట్‌లో సిగ్నల్ అసలు లేని చోట్లు కూడా ఉన్నాయి. అందుకే బుకింగ్ వివరాలు లింకుగా పంపడం మానేశాం. పికప్ టైము, బండి నంబరు, డ్రైవర్ ఫోన్, తిరిగి దింపే చోటు, అన్నీ వాట్సాప్‌లో మామూలు మెసేజ్‌గా వెళ్తాయి. నెట్ లేకపోయినా అది ఫోన్‌లోనే ఉంటుంది.

ఆగస్టు మొదట్లో: రైలు పేజీ ముందు

అరకు రైలు కొండల్లో సొరంగాలు దాటుకుంటూ వెళ్ళే కిరండూల్ లైను మీద నడుస్తుంది. 2017లో అద్దాల విస్టాడోమ్ పెట్టె తగిలించాక అడిగేవాళ్ళు బాగా పెరిగారు. మామూలుగా చేసేది ఏంటంటే, కస్టమర్లు ఉదయం రైల్లో వెళ్తారు, బండి రోడ్డున వెళ్ళి అరకు స్టేషన్ దగ్గర వాళ్ళని ఎక్కించుకుంటుంది, తిరుగు ప్రయాణం రోడ్డు మీద, బొర్రా చూసుకుంటూ.

ఈ పేజీని మిగతా వాటికంటే ముందు ఎక్కించడానికి కారణం ఉంది. 2024 నవంబరు 1 నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకి తగ్గింది. అంటే అక్టోబరు ప్రయాణాలకి ఆగస్టులో టిక్కెట్లు తెరుచుకుంటాయి. అప్పుడు వెతికేవాళ్ళకి మేం కనిపించాలి. పేజీలో మొదటి వాక్యం: ‘రైలు టిక్కెట్టు మీరే ఐఆర్‌సీటీసీలో తీసుకోవాలి, మేం తీసివ్వం.’ రెండోది: ‘టిక్కెట్టు దొరక్కపోతే అదే ట్రిప్పు మొత్తం రోడ్డు మీద ఇలా ఉంటుంది, రేటు ఇంత.’ విస్టాడోమ్ గ్యారంటీ అని రాసి కస్టమర్లని లాగేవాళ్ళు ఉన్నారు. ఆఖరి రోజున సీటు లేదని చెబితే ఆ కుటుంబం సెలవు పాడవుతుంది, మళ్ళీ మన గుమ్మం తొక్కరు.

మిగతా పేజీల్లోనూ ఇదే పద్ధతి. సిటీ టూర్ పేజీలో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం సోమవారం సెలవని పైనే రాశాను, సోమవారం దిగేవాళ్ళకి ఆ రోజు సింహాచలం, కైలాసగిరి సూచించాం. వంజంగి పేజీలో మబ్బుల సముద్రం ఫోటో ఉంది, దాని కిందే ‘ఇది ప్రతి తెల్లవారీ కనిపించదు, చలికాలంలో అవకాశం ఎక్కువ, చివర్లో చీకట్లో నడక ఉంటుంది’ అని ఉంది. ఆ వాక్యం చదివి మానుకునేవాళ్ళు మానుకోవచ్చు. చదివి వచ్చినవాళ్ళు డ్రైవర్‌తో పేచీ పెట్టుకోరు.

ఆగస్టు: వాట్సాప్ లింకులు

ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన భాగం ఇది. ప్రతి పేజీలో వాట్సాప్ బటన్ ఉంది. నొక్కితే చాట్ తెరుచుకుని ఒక వాక్యం ముందే రాసి ఉంటుంది. ఆ వాక్యం పేజీకో రకం. రైలు పేజీ నుంచి వస్తే ‘నమస్తే, రైల్లో అరకు వెళ్ళి బండిలో తిరిగి రావాలి. తేదీ:’ అని. బొర్రా పేజీ నుంచి వస్తే ‘నమస్తే, పెద్దవాళ్ళతో బొర్రా వెళ్ళాలి. ఎంతమంది:’ అని. మెసేజ్ మొదటి వరుస చూడగానే ఏ పేజీ చదివి వచ్చారో అక్కకి తెలిసిపోతుంది. పుస్తకంలో ఆ పేజీ పేరు రాసుకుంటుంది. కస్టమర్ వెంట పడే ట్రాకింగ్ కోడ్ ఏదీ పెట్టకుండానే ఏ పేజీ పనిచేస్తోందో మాకు లెక్క దొరుకుతుంది.

ఒక చిక్కు ఉంది, తెలుగులో చేసేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. లింకులో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు ఒక్కోటి మూడు బైట్లుగా విడిపోయి, శాతం గుర్తులతో కలిపి తొమ్మిది గుర్తులవుతుంది. చిన్న వాక్యం కూడా వందల గుర్తుల లింకు అయిపోతుంది. సైటులో బటన్ వెనక ఉంటే ఇబ్బంది లేదు. బండిలో డ్రైవర్ సీటు వెనక అంటించే క్యూఆర్‌లోకి అది ఎక్కిస్తే గళ్ళు మరీ సన్నగా అయిపోయి, కదిలే బండిలో స్కాన్ అవ్వదు. అందుకని క్యూఆర్‌లో మా సైటు చిన్న చిరునామా మాత్రమే పెట్టి, అక్కడి నుంచి వాట్సాప్‌కి మళ్ళించాను.

అడ్వాన్స్ యూపీఐలోనే. పేజీలో వ్యాపారం పేరు రాసి, ‘డబ్బు పంపేముందు మీ యాప్‌లో ఇదే పేరు కనిపించాలి, వేరే పేరు వస్తే పంపకండి, ఆఫీసుకి ఫోన్ చెయ్యండి’ అని పెట్టాం. రద్దు నియమాలు కూడా అక్కడే. వానకి కొండచరియలు విరిగి ఘాట్ మూసేస్తే అడ్వాన్స్ పూర్తిగా వెనక్కి, లేదా తేదీ మార్పు, ఏదైనా కస్టమర్ ఇష్టం. దీనికి బావ మారు మాట లేకుండా తలూపాడు. పేమెంట్ గేట్‌వే, అంటే సైటులోనే డబ్బు కట్టే ఏర్పాటు, తర్వాత చూద్దాం అనుకున్నాం. అప్పుడు ఆ గేట్‌వే కంపెనీ వాళ్ళు అడిగే రీఫండ్, ప్రైవసీ పేజీలు ఎలాగూ సిద్ధంగా ఉన్నాయి.

సెప్టెంబరు: గూగుల్ ప్రొఫైల్, రివ్యూలు

వెతికేవాళ్ళలో చాలామంది తెలుగువాళ్ళే అయినా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు. కాబట్టి ఒక్కో పేజీ రెండు భాషల్లో విడిగా ఉంది, ఒకే పేజీలో రెండూ కలపలేదు. తెలుగు పేజీ అనువాదం కాదు. హైదరాబాద్ నుంచి వచ్చే కుటుంబానికి కావాల్సినవి వేరు, కోల్‌కతా నుంచి వచ్చే కుటుంబానికి వేరు.

గూగుల్ మ్యాప్స్‌లో ఆఫీసు కనిపించేలా చేసే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌కి వీడియో తీసి పంపాలి. వీధి, బోర్డు, షట్టర్ తాళం తీయడం, లోపల బల్ల, అన్నీ ఒకే వీడియోలో కనిపించాలి. అక్క తాళం తీస్తుంటే నేను తీశాను. అది ఆమోదం అయ్యాక ‘మీ ఆఫీసు నిజంగా ఉందా’ అన్న ప్రశ్న బాగా తగ్గిందని అక్క చెప్పింది.

రివ్యూ రాస్తే వంద తగ్గిద్దామా అని బావ అడిగాడు. గూగుల్ నియమాలు అందుకు ఒప్పుకోవు. సంతోషంగా ఉన్నవాళ్ళని మాత్రమే ఏరి అడగడమూ కుదరదు. అందరినీ ఒకేలా అడగాలని డ్రైవర్లతో చెప్పాం. ట్రిప్పు అయ్యాక మర్నాడు ఉదయం అక్క ఒక మెసేజ్ పంపుతుంది: ఏది బాగుంది, ఏది బాగోలేదు, రెండూ రాయండి అని. ఏసీ సరిగా పనిచెయ్యలేదని ఒకరు రాశారు. బావ బండిని మెకానిక్ దగ్గర పెట్టించి, బాగుచేయించామని దాని కింద జవాబు రాశాడు. ఆ రివ్యూ అలాగే ఉంది.

అక్టోబరు మొదటి వారం

ఫోన్ల తీరు మారింది. “అరకు ఎంతండి” తగ్గి, “సైటులో చూశామండి, పన్నెండో తారీఖు టెంపో ఖాళీగా ఉందా” అన్నవి వస్తున్నాయి. మాట్లాడే టైము సగానికి తగ్గిందని అక్క అంటోంది. అక్క లెక్క ప్రకారం అందరికంటే ఎక్కువ మెసేజ్‌లు తెచ్చేది మొదటి పేజీ కాదు, పెద్దవాళ్ళతో బొర్రా పేజీ. పిల్లలు ఊరికి దూరంగా ఉండి అమ్మానాన్నలని పంపే ఇళ్ళు అవి, కొన్ని అమెరికా నంబర్ల నుంచి. అందుకే ఆ పేజీలో ఇంకో భాగం కలిపాం: డ్రైవర్ దారిలో రెండు చోట్ల నుంచి పిల్లలకి మెసేజ్ పెడతాడు, కావాలంటేనే.

హోటళ్ళ నుంచి వచ్చే గిరాకీ అలాగే ఉంది, ఉండాలి కూడా. ఇప్పుడు బావకి ఏ కమిషన్‌కి ఒప్పుకోవాలో, దేనికి వద్దనాలో ఎంచుకునే వీలు వచ్చింది.

మిగిలినవి: వలిసె పూల పేజీ రాసి ఉంచాను, లోయలో పూత మొదలైందని డ్రైవర్ ఫోటో పంపిన రోజున ఎక్కిస్తాం, పూత అయిపోగానే తీసేస్తాం. 2019లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన అరకు అరబికా కాఫీ తోటల నడక ఒకటి చేర్చాలి, దానికి రైతులతో బావ మాట్లాడుతున్నాడు. బెంగాలీ పేజీని మెషీన్ అనువాదంతో పెట్టను. కిందటేడు వచ్చిన ఒక కస్టమర్ రాసిస్తానన్నారు, ఆయనకి ఇంగ్లీషు పేజీ ప్రింటు పంపాను. టెంపో రేట్లు అక్క షీట్‌లో సరిచేశాక బెంగాలీ పేజీ తయారుచేస్తాను.